నల్ల అంజీర్‌లో డల్లాస్ పెరడుకి ఏ రకం మంచిది? మొక్క ఎక్కడ తెచ్చుకోవాలి?

ఫ్రిస్కో_పెరడు

అందరికీ నమస్తే అండి. మేముండేది ఫ్రిస్కో, డల్లాస్‌కి పైన. పెరట్లో అంజీర్ వేద్దామని డిసైడ్ అయ్యాం, అదీ నల్ల రకమే కావాలి, ఎందుకంటే సమ్మర్‌లో స్టోర్లో చిన్న డబ్బాల్లో వచ్చే బ్లాక్ మిషన్ పళ్ళు తెస్తే పిల్లలు కార్లోనే ఖాళీ చేసేస్తున్నారు, ఆ రేటుకి ఆ డజను పళ్ళు ఎన్నాళ్ళని కొంటాం.

సౌత్ వైపు ఇటుక గోడ పక్కన నేలలో రెండు చెట్లకి చోటుంది, ప్యాటియో మీద ఒక పెద్ద కుండీ పెట్టుకోవచ్చు. యూట్యూబ్ చూసి చూసి ఈ లిస్ట్ తయారైంది: బ్లాక్ మిషన్, సెలెస్ట్, బ్రౌన్ టర్కీ, చికాగో హార్డీ, వయొలెట్ డి బోర్డో, బ్లాక్ మదీరా. ఒక్కొక్కళ్ళు ఒక్కోటి బెస్ట్ అంటున్నారు, ఎవరు ఏ ఊర్లో పెంచుతున్నారో చెప్పకుండా బెస్ట్ అనేస్తే మనకి ఏం అర్థమవుతుంది చెప్పండి.

ఇంకో మూడు డౌట్లు. ఒకటి, మా వీధిలో ఒకళ్ళ చెట్టు 2021 ఫిబ్రవరి మంచులో నేల దాకా చచ్చిపోయి మళ్ళీ వేర్ల నుంచి లేచింది, అలాంటి చలి ఇంకోసారి వస్తే ఏ రకం తట్టుకుంటుంది? రెండు, మా అత్తగారు ప్యూర్ వెజ్, అంజీర్‌లో కందిరీగ చచ్చిపోయి ఉంటుందని ఎవరో వాట్సాప్‌లో పంపితే అప్పట్నుంచి ముట్టుకోవట్లేదు, మేడిపండు పద్యం కూడా గుర్తుచేస్తున్నారు, ఇందులో నిజమెంత? మూడు, కర్నూల్లో నాన్నగారికి కూడా మంచి నల్ల రకం కావాలంట, ఇక్కడ్నుంచి కటింగ్స్ సూట్‌కేస్‌లో పట్టుకెళ్ళొచ్చా?

హ్యూస్టన్_మిద్దెతోట

నమస్తే అండి, హ్యూస్టన్ నుంచి. మా దగ్గర చలి కంటే తేమ పెద్ద సమస్య, మీకు మాకంటే తేమ తక్కువే కానీ మే జూన్ వానలు మీకూ ఉంటాయి కదా, అందుకని చెప్తున్నా, పండు రంగు చూసే ముందు పండు కింద ఉండే కన్ను చూడండి. తొడిమకి ఎదురువైపు చిన్న రంధ్రం ఉంటుందే, అదే. అది తెరుచుకుని ఉండే రకాల్లో వాన నీళ్ళు లోపలికి పోతాయి, చీమలు పోతాయి, అన్నిటికంటే ముఖ్యంగా చిన్న నల్ల పెంకు పురుగులు ఈస్ట్‌ని మోసుకుంటూ దూరతాయి, పండు చెట్టు మీదే పులిసిపోయి సారా వాసన వస్తుంది. బ్లాక్ మిషన్‌తో మా హ్యూస్టన్ వైపు గల్ఫ్ కోస్ట్‌లో అందరికీ వచ్చే ఇబ్బంది ఇదే. కాలిఫోర్నియాలో ఆ పండు అంత బాగుండడానికి కారణం అక్కడ పండే టైమ్‌లో వాన పడదు.

సెలెస్ట్ కన్ను గట్టిగా మూసుకుని ఉంటుంది. అమెరికా సౌత్‌లో పాత ఇళ్ళ పెరట్లలో ఎక్కడ చూసినా ఈ చెట్టే కనపడడానికి అదే కారణం. పండు చిన్నది, ఊదా కలిసిన గోధుమ రంగు, లోపల లేత గులాబీ, తీపి మాత్రం దండిగా ఉంటుంది, షుగర్ ఫిగ్ అని ఊరికే అనరు. జూన్ చివర్లో మొదలై జులైలో కాపు అయిపోతుంది, అంతా ఒక్కసారే వచ్చేస్తుంది కాబట్టి నెలల తరబడి రోజుకి నాలుగు తిందామనుకునేవాళ్ళకి నచ్చకపోవచ్చు. మీరు నలుపు అంటే నిజంగా నలుపే కావాలంటే ఇది ఆ రంగు కాదు, అది ముందే చెప్పేస్తున్నా.

ముదురు రంగు కావాలంటే ఎల్‌ఎస్‌యూ పర్పుల్ చూడండి. లూసియానా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 1991లో విడుదల చేశారు, మన తేమ వాతావరణం కోసమే చేసిన రకం. పండు మెరుస్తూ ముదురు ఊదా రంగులో ఉంటుంది, ఆకు తెగుళ్ళని బాగా ఆపుతుంది, వేర్లలో బుడిపెలు చేసే నులిపురుగుల్ని కూడా మిగతావాటికంటే తట్టుకుంటుంది. మొదటి రెండు మూడేళ్ళు పండు చప్పగా ఉందని పీకేసేవాళ్ళు చాలామంది, అలా చేయొద్దు, చెట్టు వయసు పెరిగేకొద్దీ రుచి పెరుగుతుంది. చలికి మాత్రం సెలెస్ట్ అంత గట్టిది కాదు.

ఆగస్టు వచ్చేసరికి ఆకుల అడుగున తుప్పు రంగు పొడి కనపడుతుంది, తుప్పు తెగులు, ఆకులన్నీ రాలిపోయి చెట్టు బోడిగా నిలబడుతుంది. రాలిన ఆకులు ఎప్పటికప్పుడు ఏరి బయట పారేయండి, తెగులు మళ్ళీ వచ్చేది వాటి నుంచే.

ఫ్రెస్నో_రైతుబిడ్డ

హ్యూస్టన్ గారు చెప్పింది కరెక్ట్. మాది కాలిఫోర్నియాలో ఫ్రెస్నో, అమెరికాలో అంజీర్ అంటే మా చుట్టుపక్కలే. బ్లాక్ మిషన్ మీద నాకున్న ఇష్టం మాటల్లో చెప్పలేను, బాగా పండి తోలు మీద సన్న సన్న చారలు పడ్డాక తింటే అసలు స్టోర్లో మీరు కొనేది ఆ పండేనా అనిపిస్తుంది. 1769లో శాన్ డియేగోలో మిషన్ కట్టిన స్పెయిన్ ఫ్రాన్సిస్కన్ ఫాదర్లతో పాటు వచ్చిన రకం, పేరు అందుకే వచ్చింది. ఏడాదికి రెండు కాపులు, పాత కొమ్మ మీద జూన్‌లో ఒకటి, దాన్ని బ్రెబా అంటారు, కొత్త కొమ్మ మీద ఆగస్టు నుంచి ఇంకోటి. కానీ చెట్టు చాలా పెద్దదవుతుంది, చలికి మెత్తనిది, మీ ఊర్లో నేలలో పెట్టమని నేను చెప్పను. ఆశ చావకపోతే కుండీలో పెట్టుకోండి, వాన వచ్చినప్పుడు కప్పు కిందకి జరపొచ్చు.

కందిరీగ గురించి అత్తగారికి ధైర్యంగా చెప్పండి. మీ లిస్ట్‌లో ఉన్న ఆరు రకాలకీ కందిరీగ అవసరమే లేదు, పరాగసంపర్కం లేకుండానే పిందె పండు అవుతుంది, పైగా ఆ కందిరీగ టెక్సాస్‌లో మీ పెరట్లో ఉండదు. అది కావాల్సింది స్మిర్నా జాతి రకాలకి, మా దగ్గర ఎండబెట్టి అమ్మే కాలిమిర్నా అలాంటిది, దానికోసమే ఆ కందిరీగని ఇక్కడికి తెప్పించి 1899లో నిలదొక్కుకునేలా చేశారు. కాబట్టి ఎండు అంజీర్ విషయంలో ఆవిడ అనుమానం పూర్తిగా తప్పని నేననను, పెరట్లో కాసే సెలెస్ట్, బ్లాక్ మిషన్ విషయంలో మాత్రం అసలు ఆ ప్రశ్నే రాదు.

ఇదే కారణంతో ఇంకో జాగ్రత్త. టర్కీ నుంచి వచ్చే బుర్సా నల్ల అంజీర్ ఫొటోలు చూసి చాలామంది దాని కటింగ్స్ కొంటున్నారు. పండు పెద్దది, నల్లగా నిగనిగలాడుతుంది, కానీ అది స్మిర్నా జాతి. కందిరీగ లేని ఊర్లో చెట్టు ఎంత బాగా పెరిగినా పిందెలన్నీ రాలిపోతాయి. అమ్మేవాళ్ళలో ఈ మాట చెప్పేవాళ్ళు తక్కువ. ఏ కొత్త పేరు కనపడినా ముందు అడగాల్సిన ప్రశ్న, ఇది కామన్ టైపా (కందిరీగ అక్కర్లేనిది), స్మిర్నానా, శాన్ పెడ్రోనా అని. శాన్ పెడ్రో అయితే బ్రెబా కాపు ఒక్కటే వస్తుంది, మెయిన్ కాపుకి మళ్ళీ కందిరీగే కావాలి.

బ్రౌన్ టర్కీ పేరు చూసి కూడా కళ్ళు మూసుకుని కొనకండి. కాలిఫోర్నియాలో ఆ పేరుతో అమ్మే పెద్ద పండు వేరు, సౌత్‌లోనూ ఈస్ట్‌లోనూ అమ్మేది వేరు. ఇక్కడి పండు సైజ్ చూసి అక్కడ మొక్క కొంటే ఆ పండు రాదు.

బ్లాక్ మదీరా సంగతి. రుచిలో దాన్ని మించింది లేదనేవాళ్ళు చాలామంది, నేనూ వాళ్ళలో ఒకణ్ణి, లోపల రక్తం రంగు, చిక్కటి పాకం, బెర్రీ పులుపు తగులుతూ ఉంటుంది. కానీ చాలా ఆలస్యంగా పండుతుంది, వేడి సీజన్ ఎక్కువ కావాలి, పెరుగుదల నెమ్మది, మొజాయిక్ వైరస్ బాగా పట్టిన రకం. మొదటి చెట్టుగా వద్దు.

జెర్సీ_గరాజ్_తోట

హాయ్ అండి, న్యూజెర్సీ ఎడిసన్ నుంచి. మా చలి ముందు మీ చలి పెద్దది కాదు కాబట్టి చలి గురించి నేను చెప్తా.

అందరూ ఏ ఊర్లో ఎంత చలి పడుతుందో చెప్పే జోన్ నంబర్ చూస్తారు, అసలు చూడాల్సింది చెట్టు నేల దాకా చచ్చిపోయిన ఏడాది కూడా పండు ఇస్తుందా లేదా అని. చికాగో హార్డీ గొప్పతనం అక్కడే ఉంది, ఏప్రిల్‌లో వేర్ల నుంచి లేచిన కొత్త కొమ్మ మీదే సెప్టెంబర్‌కి పళ్ళు ఇచ్చేస్తుంది. ఇది సిసిలీ దీవి ఎట్నా కొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇదే కుటుంబంలో ఇంకా బోలెడు పేర్లున్నాయి, రుచిలో తేడా పెద్దగా ఉండదు, కాబట్టి ఆ గుంపులో ఒకటి ఉంటే చాలు, నాలుగు పేర్లతో నాలుగు కొని డబ్బులు వేస్ట్ చేసుకోవద్దు. రంగు ముదురు గోధుమ కలిసిన ఊదా, సైజ్ మీడియం, రుచి అద్భుతం అనను కానీ ఎండ బాగా పడితే చాలా బాగుంటుంది.

కుండీకి అయితే వయొలెట్ డి బోర్డో. కొన్ని నర్సరీల్లో నెగ్రోన్ అని అమ్ముతారు. చెట్టు పొట్టిగా దగ్గరగా పెరుగుతుంది, పండు చిన్నదే కానీ అసలైన నలుపు, లోపల స్ట్రాబెర్రీ జామ్ రంగు, తీపితో పాటు పులుపు కూడా తగులుతుంది. మీ పిల్లలకి బ్లాక్ మిషన్ నచ్చిందంటే ఇది తప్పకుండా నచ్చుతుంది. సీజన్ చిన్నగా ఉండే మాలాంటి వాళ్ళకి రోండ్ డి బోర్డో ఇంకా మంచిది, అది అన్నిటికంటే ముందు పండుతుంది, మీకు అంత తొందర అక్కర్లేదు.

15 నుంచి 20 గ్యాలన్ల కుండీ చాలు. నవంబర్‌లో ఆకులు రాలాక వేడి పెట్టని గరాజ్‌లోకి తోసేయడం, నెలకొకసారి కాసిని నీళ్ళు, మార్చిలో బయటికి. గరాజ్‌లో వెలుతురు అక్కర్లేదు, చెట్టు నిద్రలో ఉంటుంది. ఇక్కడ పాత ఇటాలియన్ ఇళ్ళల్లో తాతలు చెట్టుని ఒక పక్కకి వంచి గోతిలో పడుకోబెట్టి మట్టి కప్పేవాళ్ళు, ఇప్పటికీ కొన్ని వీధుల్లో గోనె గుడ్డలు చుట్టిన చెట్లు కనపడతాయి. ఆ చెట్లకి పేర్లు ఉండవు, వాళ్ళ తాత పడవలో తెచ్చుకున్నాడంటారు అంతే, కానీ అదే వీధిలో ఎన్నో చలికాలాలు దాటిన చెట్టు కంటే మంచి గ్యారంటీ ఏ నర్సరీ ఇస్తుంది? నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అలా ఒక పెద్దాయన ఇచ్చిన పేరు లేని నల్ల అంజీరే.

సోర్సింగ్ గురించి నా అభిప్రాయం ఇది. సెలెస్ట్, చికాగో హార్డీ, బ్రౌన్ టర్కీ లాంటివి పెద్ద స్టోర్లలో స్ప్రింగ్‌లో చవగ్గా దొరుకుతాయి, కానీ లేబుల్ ఒకటి మొక్క ఇంకోటి అవడం అక్కడ మామూలే. బోర్డో లాంటివి అంజీర్ ఒక్కటే పెంచే చిన్న నర్సరీల దగ్గర కొనండి, వాళ్ళు తల్లి చెట్టు పండు ఫొటో, కోసిన పండు ఫొటో పెడతారు, అడిగితే ఎక్కడ్నుంచి తెచ్చారో చెప్తారు. ఆన్‌లైన్ వేలాల జోలికి మొదటి ఏడాది పోకండి, అరుదైన పేరుంటే చాలు ఒక్క కొమ్మ ముక్కకి వంద డాలర్లు దాటి పాడేవాళ్ళున్నారు, అది వేరు పట్టకపోతే అడిగే దిక్కు లేదు.

ఫ్రిస్కో_పెరడు

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు అండి, అందరికీ చాలా థాంక్స్. అత్తగారికి ఫ్రెస్నో గారి పోస్ట్ చదివి వినిపించా, పెరట్లో కాస్తే తింటానన్నారు.

మొజాయిక్ వైరస్ అని రాశారు కదా, అది ఉన్న మొక్క కొంటే పక్క చెట్లకి కూడా పోతుందా? కొనేటప్పుడు కనిపెట్టేదెలా? ఇంకా, మా నేల నల్ల బంకమట్టి, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు ఇస్తుంది, అందులో అంజీర్ బతుకుతుందా?

జెర్సీ_గరాజ్_తోట

ఆకు మీద పసుపు మచ్చలు, అంచులు స్పష్టంగా లేకుండా మరకల్లా ఉంటాయి, ఆకు ఒక పక్కకి వంకర పోతుంది, కొత్త ఆకులు చిన్నగా వస్తాయి. అది మొజాయిక్. కంటికి కనపడనంత చిన్న నల్లి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోస్తుంది, కటింగ్‌తో, అంటుతో కూడా వస్తుంది. ఒకసారి చెట్టులో చేరితే తీసేసే మందు లేదు. అయితే భయపడిపోకండి, అమ్మకంలో ఉన్న అంజీర్లలో చాలావాటికి ఎంతో కొంత ఉంటుంది, బలంగా పెరిగే చెట్టు దాన్ని మోస్తూనే కాస్తుంది, ఎండలు ముదిరాక వచ్చే ఆకులు శుభ్రంగా వస్తాయి. మొక్క మొత్తం గిడసబారి ఉంటే, ఆకులన్నీ మరకలే ఉంటే కొనకండి. వయొలెట్ డి బోర్డోలో ఇది ఎక్కువ కనపడుతుంది కాబట్టి ఆ రకం కొనేటప్పుడు మే నెలలో ఆకులతో ఉన్న మొక్కని కళ్ళారా చూసి కొనడం మంచిది, చలికాలంలో బోడి కొమ్మ కొంటే ఏం తెలుస్తుంది.

ప్లేనో_బంకమట్టి

మీ పక్క ఊరే అండి, ప్లేనో. మట్టి అదే, గాలివాన అదే, అందుకని మిగతావాళ్ళు చెప్పిన దానికి ఇక్కడి లెక్క కలుపుతా.

ముందు బంకమట్టి. అంజీర్‌కి సున్నం ఎక్కువున్న నేల ఇబ్బంది కాదు, మన మట్టి ఆల్కలైన్ అయినా పచ్చగానే ఉంటుంది. ఇబ్బంది నీళ్ళు నిలవడంతో. అందుకని గొయ్యి తీసి మంచి మట్టి నింపే పని పెట్టుకోవద్దు, బంకమట్టి మధ్యలో ఆ గొయ్యి నీళ్ళ తొట్టి అయిపోతుంది. అడుగున్నర ఎత్తు దిబ్బ చేసి, అదే మట్టిలో కంపోస్ట్ కలిపి, దాని మీద నాటండి. పైన నాలుగైదు అంగుళాలు చెక్క ముక్కలో ఎండాకులో మల్చింగ్ వేయండి, వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి జులై ఎండకి మల్చ్ లేకపోతే పిందెలు రాల్చేస్తుంది. పిందె ఉన్నప్పుడు నేల బొత్తిగా ఎండిపోనివ్వడం, తర్వాత ఒకేసారి ముంచేయడం, ఈ రెండూ చేస్తే కాపు పోయినట్టే.

చలి. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్ డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్ పడింది, 1949 తర్వాత అంత చలి అదే. ఆ వారం మా ఏరియాలో నేలపైన ఉన్న అంజీర్ కొమ్మలు దాదాపు అన్నీ పోయాయి, సెలెస్ట్ కూడా. తేడా తర్వాత తెలిసింది. వేర్ల నుంచి లేచిన చికాగో హార్డీ ఆ ఏడాదే కాసింది, సెలెస్ట్ ఆకులు బాగా వేసింది కానీ కాపు అంతంత మాత్రం, ఎందుకంటే సెలెస్ట్‌కి పాత కొమ్మ మిగలాలి. అదే కారణంతో పెద్దదైన సెలెస్ట్‌ని గట్టిగా కత్తిరించకండి, ఎండిన కొమ్మలు, అడ్డం వచ్చేవి తీస్తే చాలు. చికాగో హార్డీని ఎంత కొట్టినా ఫర్లేదు.

ఇంకోటి, చాలామంది చెప్పనిది. నత్రజని ఎరువు ఎక్కువ వేయొద్దు. లాన్‌కి వేసే ఎరువు చెట్టు మొదలు దాకా పోతే ఆరడుగుల కొమ్మలు, చేటంత ఆకులు వస్తాయి, పళ్ళు రావు, ఆ లేత కొమ్మ నవంబర్ మొదటి చలికే మాడిపోతుంది. మన ఊర్లలో నడి చలి కంటే ఇలా ముందొచ్చే చలి, మార్చిలో చిగురు వేశాక వచ్చే చలి ఎక్కువ చెట్లని చంపుతాయి. అందుకే ఫాల్‌లో నేలలో నాటొద్దు. ఇప్పుడు కొన్నా కుండీలోనే ఉంచి గరాజ్‌లో పెట్టండి, మార్చి సగం దాటాక నాటండి. ఇటుక గోడ పక్కన అన్నారు కదా, చాలా మంచి చోటు, రాత్రంతా వేడి వదులుతుంది, పునాదికి ఐదారడుగులు దూరం మాత్రం ఉంచండి.

టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (వ్యవసాయ సలహాలిచ్చే విభాగం) వాళ్ళు ఇంటి పెరళ్ళకి ఏళ్ళ తరబడి చెప్తున్న పేర్లు సెలెస్ట్, టెక్సాస్ ఎవర్‌బేరింగ్, ఆల్మా. ఇందులో ఎవర్‌బేరింగ్ బ్రౌన్ టర్కీ వర్గమే, గోధుమ ఊదా రంగు, చలి తర్వాత కూడా కొత్త కొమ్మ మీద కాస్తుంది, కన్ను కాస్త తెరుచుకుని ఉంటుంది. ఆల్మా తెల్ల రకం, మీకు అక్కర్లేదు.

నేనైతే మీ రెండు చోట్లకి ఒక సెలెస్ట్, ఒక చికాగో హార్డీ అంటాను, కుండీలో వయొలెట్ డి బోర్డో. అలా అయితే జూన్ చివర సెలెస్ట్‌తో మొదలై ఫ్రాస్ట్ దాకా ఏదో ఒక చెట్టు కాస్తూ ఉంటుంది, ఎంత చెడ్డ చలికాలం వచ్చినా ఆ ఏడాది అసలు పండే లేకుండా పోదు. బ్లాక్ మిషన్ మీద మనసు లాగుతుందని తెలుసు, పిల్లల నాలుకకి తేడా తెలియకుండా ఆ పని బోర్డో చేస్తుంది.

సెలెస్ట్ మాత్రం కొనకండి, నా దగ్గర ఉంది, జనవరి చివర ఆకులు లేనప్పుడు వచ్చి కొమ్మలు కోసుకెళ్ళండి, ఇక్కడ మెసేజ్ పెడితే చాలు. పెన్సిల్ మందం, ఏడెనిమిది అంగుళాలు, రెండు మూడు కణుపులు ఉండాలి. వెంటనే నాటకపోతే తడి పేపర్ టవల్ బాగా పిండి అందులో చుట్టి జిప్‌లాక్‌లో పెట్టి ఫ్రిజ్ కింద అరలో ఉంచితే మార్చి దాకా ఆగుతుంది. నాటేటప్పుడు కొబ్బరి పీచు పొడిలో పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) కలిపి, చేత్తో పిండితే చుక్క రాని తడి ఉంటే చాలు, అంతకు మించి నీళ్ళు పోస్తే కుళ్ళుతుంది. ముందు ఆకు వస్తుంది, అది చూసి సంబరపడి పెద్ద కుండీలోకి మార్చేయకండి, వేరు తర్వాత వస్తుంది, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కప్పుల్లో పెడితే వేర్లు కనపడతాయి.

అనంత_ఉద్యానం

అన్నా, కర్నూలు ప్రశ్నకి నేను చెప్తా, మాది అనంతపురం, హార్టికల్చర్‌లో పనిచేస్తున్నా.

సూట్‌కేస్‌లో కటింగ్స్ తేవొద్దు. 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం విదేశం నుంచి నాటే మొక్క ఏది తెచ్చినా ముందే ఇంపోర్ట్ పర్మిట్, మొక్కకి తెగుళ్ళు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, వచ్చాక క్వారంటైన్‌లో పెంచి చూడాలి. పట్టుకుంటారా లేదా అన్నది పక్కన పెట్టండి, పైన జెర్సీ అన్న రాసిన మొజాయిక్, దాన్ని మోసే నల్లి ఒక్క కొమ్మతో మన తోటల్లోకి వస్తే పోయేది మన రైతుల కష్టం. దయచేసి ఎవరూ చేయొద్దు.

ఇక్కడే మంచివి ఉన్నాయి. పూనా అంజీర్ అసలు పేరున్న రకం, తోలు పల్చన, ఎరుపు ఊదా రంగు, లోపల ఎర్రటి గుజ్జు. పుణె దగ్గర పురందర్ అంజీర్‌కి జీఐ ట్యాగ్ కూడా ఉంది. దినకర్ అని ఎంపిక చేసిన ఇంకో రకం ఉంది. బ్రౌన్ టర్కీ కూడా మన దగ్గర దొరుకుతుంది. బళ్ళారి, అనంతపురం వైపు రైతులు ఎక్కువగా వేసే డయానా ఆకుపచ్చ పసుపు రంగు పండు, ఎండబెట్టడానికి మంచిది, నల్ల రకం కావాలనేవాళ్ళకి అది కాదు. ఈ పేర్లు కాక నర్సరీల్లో దేశాల పేర్లు తగిలించి ఎర్ర అంజీర్, నల్ల అంజీర్ అని అమ్ముతుంటారు, పండు చూపించమంటే చూపించలేరు. నాన్నగారికి చెప్పండి, కడియం నుంచి తెప్పించినా, బళ్ళారి వైపు నుంచి తెచ్చినా, కాస్తున్న తల్లి చెట్టు చూసి దాని కటింగో గాలి అంటో తీసుకోవాలి, అంజీర్ కటింగ్ సులువుగా వేరు పడుతుంది కాబట్టి కాసే చెట్టున్న రైతుని అడిగినా ఇస్తాడు.

కర్నూలు పొడి వాతావరణం అంజీర్‌కి చాలా బాగుంటుంది. వానాకాలంలో పండేలా వదిలేస్తే పళ్ళు పగిలి చప్పగా ఉంటాయి, మహారాష్ట్ర రైతులు ఆ కాపుని ఖట్టా బహార్ అంటారు. వానలు తగ్గాక కత్తిరింపులు చేసి మార్చి ఏప్రిల్‌లో పండేలా చూసుకుంటే అది మీఠా బహార్, తీపంతా అందులోనే. కత్తిరించిన గాయానికి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) రాయమనండి. కాండం మొదట్లో రంపపు పొట్టు లాంటిది రాలుతుంటే కాండం తొలిచే పురుగు ఉన్నట్టు, రంధ్రంలో ఇనుప తీగ పెట్టి లాగి చంపాలి, ఆలస్యం చేస్తే చెట్టే పోతుంది.

ఫ్రిస్కో_పెరడు

అనంత గారూ, చాలా మంచి మాట చెప్పారు, నాన్నగారికి ఇది ప్రింట్ తీసి పంపిస్తున్నా, కటింగ్స్ ఆలోచన మానేశాం. ప్లేనో గారూ, జనవరిలో తప్పకుండా వస్తాం, పచ్చళ్ళు కూడా పట్టుకొస్తాం.

అయితే సెలెస్ట్ మీ దగ్గర, చికాగో హార్డీ స్ప్రింగ్‌లో మొక్క కొంటాం, బోర్డో మే నెలలో చూసి. చివరిగా ఒక్కటి, కాయ పెద్దదై రంగు తిరగ్గానే కోసేయొచ్చా, ఇంట్లో మగ్గుతుందా? మా వీధిలో ఉడతలు, పిట్టలు చాలా ఎక్కువ.

ఫ్రెస్నో_రైతుబిడ్డ

మగ్గదు అండి. అరటి, మామిడి లెక్క దీనికి పనికిరాదు, గట్టిగా ఉండగా కోస్తే మెత్తబడొచ్చేమో కానీ తీపి రాదు, కోసిన చోట తెల్లగా పాలు కారితే ఇంకా పండలేదనే. ఆ పాలు చర్మానికి పడవు, ఎండలో తగిలితే బొబ్బలెక్కుతాయి, పిల్లలకి ముందే చెప్పండి. రంగు తిరగ్గానే ఆశపడొద్దు, నల్ల రకాలు పండడానికి కొన్ని రోజుల ముందే నల్లబడతాయి. మెడ వంగి పండు కిందకి వేలాడాలి, పట్టుకుంటే మెత్తగా ఉండాలి, తోలు మీద చిన్న చీలికలు పడాలి.

ప్లేనో_బంకమట్టి

పిట్టలకి చెట్టంతా నెట్ వేస్తే అందులో అవే చిక్కుకుంటాయి, నేనైతే పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్ట్స్ ఇచ్చే పల్చటి ఆర్గాంజా సంచులు ఉంటాయి కదా, అవి రంగు తిరిగిన పండుకి ఒక్కోదానికి ఒకటి కట్టేస్తా, గాలి ఎండ రెండూ తగులుతాయి, ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. ఉడతలకి సంచి కొరకడం తెలుసు, వాటికోసం గోడ వైపు ఉన్న పళ్ళు కొంచెం ముందే, మెడ వంగిన రోజే కోసేసుకోండి. మీరు వచ్చినప్పుడు సంచులు కూడా ఇస్తా, నా దగ్గర పెద్ద ప్యాకెట్ ఉంది.